పిల్లల వార్డులో సూది పెట్టేటప్పుడు తల్లిని బయటికి పంపాలా?

గోదారమ్మాయి:
అందరికీ నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఈమధ్యే ఒక ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల వార్డులో చేరాను. ఇక్కడ సీనియర్ సిస్టర్లు, పిల్లల తల్లిదండ్రులు ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా వార్డులో క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టాలన్నా, రక్తం తీయాలన్నా బిడ్డను ప్రొసీజర్ రూముకు తీసుకెళ్ళి, తల్లిని గుమ్మం దగ్గరే ఆపి తలుపేస్తారు. బల్లమీద పడుకోబెట్టి దుప్పట్లో చుట్టి, ఆయా కాళ్ళు పట్టుకుంటే, ఒక సిస్టర్ చెయ్యి పట్టుకుంటే, ఇంకొకరు నరం వెతుకుతారు. లోపల బిడ్డ ఏడుపు, బయట తల్లి ఏడుపు. నిన్న విరేచనాలతో ఏడాదిన్నర పాప వచ్చింది. నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. అప్పట్నుంచి ఆ పాప నన్ను చూస్తే చాలు, తల్లి మెడ కరుచుకుని ముఖం దాచేసుకుంటోంది. జ్వరం చూద్దామన్నా దగ్గరికి రానివ్వడం లేదు.

కాలేజీలోనేమో తల్లిని బిడ్డ నుంచి విడదీయొద్దని చెప్పారు. ఇక్కడ సీనియర్లు "తల్లి ఉంటే ఇంకా గోల, మన చేతులు వణుకుతాయి" అంటున్నారు. మీ దగ్గర ఎలా చేస్తారు?

నైట్‌డ్యూటీ:
చెల్లీ, నేను చాలా ఏళ్ళుగా పిల్లల వార్డులోనే ఉన్నాను. పుస్తకంలో రాసింది తప్పని అనను. కానీ మా పరిస్థితి కూడా చెప్పాలి.

రాత్రిపూట ముప్పై మంచాలకి ఇద్దరం ఉంటాం. వానాకాలం వస్తే ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు. ఎనిమిది నెలల బిడ్డ, ఒళ్ళంతా ఆరిపోయి వచ్చాడు, కళ్ళు లోపలికి పోయాయి, నరాలన్నీ అణిగిపోయాయి. ఆ టైములో తల్లి పక్కన నిలబడి "అయ్యో వద్దమ్మా, వద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకుంటే ఏం చెయ్యను? నాయనమ్మ వెనకనుంచి "ఎన్నిసార్లు పొడుస్తావు" అంటుంది. మేనమామ ఫోన్ తీసి వీడియో తీస్తాడు. ఒక్క నిమిషం ఆలస్యమైతే బిడ్డ షాక్‌లోకి పోతాడు, అంటే రక్తప్రసరణ పడిపోతుంది. అప్పుడు తలుపు వేస్తున్నది తల్లిమీద కోపంతో కాదు, బిడ్డకోసమే.

మమ్మల్ని కఠినాత్ములనుకుంటారు. ఒక్క బిడ్డకి నరం దొరక్కపోతే ఆ రోజంతా అన్నం సయించని సిస్టర్లు నాకు తెలుసు.

బుజ్జి వాళ్ళమ్మ:
నేను సిస్టర్‌ని కాను. మా అమ్మాయికి తలసేమియా మేజర్, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు. పుట్టిన ఏడో నెలలో తెలిసింది, ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అంటే ఊహ తెలిసినప్పటినుంచి దాని జీవితమంతా సూదులే.

మొదట్లో వెళ్ళిన చోట నన్ను బయట నిలబెట్టేవారు. ఆసుపత్రి వీధి మలుపు తిరిగితే చాలు బుజ్జికి వాంతులయ్యేవి. సూదికి కాదు, నన్ను వదిలి లోపలికి వెళ్ళాలన్న భయానికి. మూడేళ్ళప్పుడు వేరే సెంటరుకు మారాం. అక్కడి సిస్టర్ మొదటి రోజు నాతో కాదు, నేరుగా బుజ్జితోనే మాట్లాడింది. "ఏ చేత్తో బొమ్మలు వేస్తావురా?" అని అడిగింది. కుడిచేత్తో అంది. "అయితే సూది ఎడమ చేతికి. కొంచెం నొప్పి ఉంటుంది, చీమ కుట్టినట్టు. నువ్వు ఏడవచ్చు, కానీ చెయ్యి మాత్రం కదపొద్దు. అమ్మ ఒళ్ళోనే ఉంటావు" అంది. ఏడవొచ్చని చెప్పిన మొదటి మనిషి ఆమే. అంతకుముందంతా "ఏడవకు, ఏడవకు" అన్నవాళ్ళే.

ఇప్పుడు టేపు ఎక్కడ అంటించాలో బుజ్జే చెబుతుంది. సూది గుచ్చే ముందు ఒకటి రెండు మూడు తనే లెక్కపెడుతుంది. మూడు అనేదాకా ఆ సిస్టర్ ఆగుతుంది. ఎంత రద్దీ ఉన్నా ఆగుతుంది. నాకు కావలసింది అంతే.

నైట్‌డ్యూటీ అక్కా, మీ కష్టం నాకు తెలుసు, పక్క మంచాల దగ్గర రోజూ చూస్తూనే ఉంటాను. కానీ తలుపు బయట నిలబడ్డ తల్లికి లోపల ఏం జరుగుతోందో తెలియదు. తెలియనప్పుడు మనసు చెడ్డదే ఊహిస్తుంది.

పిల్లల డాక్టర్:
మంచి చర్చ. రెండు మూడు విషయాలు చెబుతాను.

తల్లి పక్కన ఉంటే బిడ్డ ఎక్కువ ఏడుస్తుందనేది కొన్నిసార్లు నిజమే. కానీ అమ్మ దగ్గర ధైర్యంగా ఏడుస్తుంది, కొత్తవాళ్ళ దగ్గర బిగుసుకుపోతుంది. వార్డులో ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్న బిడ్డ నెమ్మదిగా ఉందనుకోవడం పొరపాటు. తల్లిదండ్రులు ఉన్నందువల్ల సూదులు ఎక్కువగా తప్పుతున్నాయని ఇప్పటిదాకా పరిశీలనల్లో తేలలేదు. తల్లిదండ్రుల టెన్షన్ తగ్గుతుందని మాత్రం తేలింది.

ఎలా పట్టుకోవాలన్నది ముఖ్యం. బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు నొక్కిపట్టడం పిల్లలకి సూదికన్నా భయం. దానికి బదులు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డను ఆమెకు ఎదురుగా, గుండెకు గుండె ఆనేలా, కాళ్ళు రెండు పక్కలా వేసి కూర్చోబెట్టండి. ఒక చెయ్యి మాత్రం తల్లి చంక కిందుగా వెనక్కి తీసి దిండుమీద పెట్టండి. తల్లి రెండు చేతులతో కౌగిలించుకుంటుంది. బిడ్డకు తల్లి ముఖం కనిపిస్తుంది, సూది కనిపించదు. ఆ చేతిని స్థిరంగా పట్టుకోవలసింది సిస్టరే, తల్లి కాదు. గట్టిగా నొక్కిపట్టే పని తల్లికి ఎప్పుడూ ఇవ్వకండి, ఆమె ఓదార్చడానికే ఉంది.

చంటిపిల్లలైతే తల్లిపాలు తాగుతుండగా టీకా వేస్తే నొప్పి తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకాల నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో ఇది ఉంది. ఒకేసారి రెండు మూడు టీకాలుంటే ఎక్కువ నొప్పి పెట్టేది చివర వేయమని కూడా అందులోనే ఉంది. పాలు తాగించే వీలు లేకపోతే సూదికి రెండు నిమిషాల ముందు నాలుకమీద కొద్దిగా చక్కెర ద్రావణం వేస్తాం. ఎంత వేయాలో డాక్టర్ రాయాలి. ఇది నెలల పిల్లలకే బాగా పనిచేస్తుంది.

ఇంకో మాట. గోదారమ్మాయి చెప్పిన పాపకి అసలు సూది అవసరమైందా? షాక్‌లో ఉన్న బిడ్డకీ, స్పృహ సరిగా లేని బిడ్డకీ సెలైన్ తప్పదు, అక్కడ నైట్‌డ్యూటీ సిస్టర్ చెప్పిందే కరెక్టు. కానీ దాహంగా తాగుతున్న బిడ్డకి కిలోకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఓఆర్ఎస్ పట్టిస్తే చాలావరకు తేరుకుంటుంది. ఎనిమిది కిలోల బిడ్డకి 600 మిల్లీలీటర్లు. చెంచాతో నిమిషానికోసారి కొద్దికొద్దిగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ. ఈ పని తల్లికన్నా బాగా ఎవరూ చేయలేరు. కానీ మన దగ్గర "గ్లూకోజ్ పెట్టండి సార్, నీరసంగా ఉంది" అని పట్టుబడతారు. సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు అనుకుంటారు.

అమ్మమ్మ తెనాలి:
డాక్టర్ గారూ, పట్టుబట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచుకోను. మాకెవరూ ఇలా లెక్క కట్టి చెప్పలేదు. "ఇది తాగించండి" అని ప్యాకెట్ చేతిలో పెట్టి వెళ్ళిపోతే దాన్ని మేం మందు కిందే లెక్కెయ్యం. లీటరు నీళ్ళలో ప్యాకెట్ మొత్తం కలపాలని కూడా మొన్న మనవడికి విరేచనాలప్పుడే తెలిసింది. మా వీధిలో సగం మంది గ్లాసుడు నీళ్ళలో కొంచెం పొడి వేసి కలుపుతున్నారు.

సిస్టర్లకి ఒక మాట. మమ్మల్ని అడ్డం అనుకోకండి. కోడలు పచ్చి బాలింత, దానికే నిద్ర లేదు. రాత్రంతా పిల్లాణ్ణి ఎత్తుకు తిరిగేది నేనే. పాసుపోశాడా, ఎన్నిసార్లు పోశాడు, పాలు కక్కాడా, అన్నీ నాకు తెలుసు. రౌండ్స్‌లో డాక్టర్లు వచ్చినప్పుడు మాత్రం "పెద్దావిడా, బయటికి వెళ్ళండి" అంటారు.

నైట్‌డ్యూటీ:
అమ్మా, మీలాంటి పెద్దవాళ్ళు ఉంటే మాకు కొండంత బలం. అందుకే ఒక విషయం ఇక్కడే చెబుతున్నాను, అందరూ చదవండి.

పిల్లలకి సెలైన్ పెట్టేటప్పుడు సన్నగా చుక్కలు పడే సెట్ వాడతాం. దాంట్లో 60 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అందువల్ల గంటకి ఎన్ని మిల్లీలీటర్లు పోవాలో, నిమిషానికి అన్ని చుక్కలు పెడితే సరిపోతుంది. ఎనిమిది కిలోల బిడ్డకి మామూలుగా గంటకి 32 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి 32 చుక్కలు. పెద్దవాళ్ళ సెట్‌లో 20 చుక్కలకే ఒక మిల్లీలీటరు. అదే 32 చుక్కలు పెద్ద సెట్‌లో పెడితే గంటకి 96 మిల్లీలీటర్లు పోతాయి, మూడు రెట్లు!

నేనిది ఎందుకు చెబుతున్నానంటే, "చుక్కలు నెమ్మదిగా పడుతున్నాయి, ఎప్పటికవుతుంది" అని పక్కన ఉన్నవాళ్ళు సెలైన్ గొట్టం మీద వేగం మార్చే చక్రం తిప్పేస్తారు. బిడ్డకి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దయచేసి చక్రం ముట్టుకోకండి. సూది పెట్టిన చోట వాచినా, చల్లగా అనిపించినా, బిడ్డ ఆ చెయ్యి ముట్టుకోనివ్వకపోయినా వెంటనే పిలవండి. గంటకోసారి మేం చూడాలి, నిజమే. కానీ ముప్పై మందిలో అది కుదరని రాత్రులుంటాయి, మీ కళ్ళు మాకు కావాలి.

గోదారమ్మాయి:
అక్కా, ఈ మాటే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి ప్రతి మంచం దగ్గరా పెడితే? నిన్న ఒకాయన చక్రం తిప్పబోతుంటే చూసి ఆపాను. కసిరితే కోపం వచ్చింది, ఎందుకో చెబితే ఆయనే పక్క మంచం వాళ్ళకి కూడా చెప్పాడు.

లీడ్స్ సిస్టర్:
నేను గుంటూరులో చదువుకుని, గల్ఫ్‌లో కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. ఇక్కడి పద్ధతి గొప్పది, అక్కడిది చెడ్డది అని చెప్పడానికి రాయడం లేదు. ఎందుకంటే ఈ దేశంలో కూడా ఒకప్పుడు తల్లిదండ్రుల్ని రానిచ్చేవారు కాదు. వారానికి ఒకటి రెండు గంటలు చూడనిచ్చిన ఆసుపత్రులు ఉండేవి. తల్లి వచ్చి వెళ్ళాక పిల్లలు ఏడుస్తారు కాబట్టి రాకపోవడమే మంచిదని సిస్టర్లు, డాక్టర్లు నిజంగా నమ్మేవారు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాప ఎలా మారిపోతుందో ఫిల్మ్ తీసి చూపించాడు. మొదట ఏడుపు, తర్వాత నిస్తేజం, తర్వాత తల్లి వచ్చినా ముఖం తిప్పేసుకోవడం. చాలామంది డాక్టర్లు ఆయనమీద కోప్పడ్డారు. ఏడేళ్ళకి, 1959లో, ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ నివేదిక వచ్చింది. తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చు, ఐదేళ్ళలోపు పిల్లలతో తల్లి ఉండేలా చూడాలి అని చెప్పింది. అది అన్ని వార్డుల్లో అమలు కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది, తల్లులు సంఘాలు పెట్టుకుని పోరాడాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇక్కడ మంచం పక్కనే అమ్మకో నాన్నకో పడుకోవడానికి చోటు ఉంటుంది. ఆటలాడించడానికే ఒక ఉద్యోగి ఉంటుంది. సూదికి ముందు బొమ్మకి క్యాన్యులా పెట్టి చూపిస్తుంది, సబ్బు బుడగలు ఊదిస్తుంది. ఊదుతున్నప్పుడు సూది గుచ్చితే బిడ్డ ఊపిరి బిగబట్టదు. చర్మం మొద్దుబార్చే క్రీము గంట ముందే రాసి ఉంచుతాం. ఇవన్నీ చేయగలగడానికి కారణం, ఇక్కడ రెండేళ్ళలోపు పిల్లలైతే ముగ్గురికి ఒక నర్సు, పెద్దపిల్లలైతే నలుగురికి ఒక నర్సు ఉండాలని రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ అనే ఇక్కడి నర్సుల సంఘం ప్రమాణం పెట్టింది. ముప్పైకి ఇద్దరు ఉన్నచోట ఇవన్నీ చెయ్యమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ సబ్బు బుడగల సీసాకి పెద్దగా ఖర్చు కాదు. తల్లికి కుర్చీ వెయ్యడానికి అసలే కాదు.

ఇంకో విషయం కూడా ఇక్కడే నేర్చుకున్నాను. మంచం మీద ఉన్న బిడ్డకి అక్కడే సూది పెట్టం, వీలైనంతవరకు వేరే గదికి తీసుకెళ్తాం. మంచం అంటే అక్కడ ఎవరూ ఏమీ చెయ్యరని బిడ్డకి నమ్మకం ఉండాలి. కాబట్టి గోదారమ్మాయీ, మీ ప్రొసీజర్ రూము మంచిదే. తలుపు లోపలికి తల్లిని కూడా రానివ్వాలి, అంతే.

కరీంనగర్ నాన్న:
సూది సంగతి పక్కన పెడితే, మా బాబు ఏడో నెల దాటంగనే పుట్టిండు. 1,300 గ్రాములు. ఎస్ఎన్‌సీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ప్రత్యేక వార్డులో పెట్టారు. మొదటి వారం అద్దం అవతల నుంచి చూసుడే. వైర్లు, మాస్కు, లైట్లు. మా ఆమె ఆపరేషన్ అయి పైన వార్డులో ఉంది, పాలు పిండి నాతో పంపేది. నేను తలుపు దగ్గర ఇచ్చి వచ్చేవాణ్ణి. "ఎట్లున్నడు" అని అడిగితే "అట్లనే ఉన్నడు" అనేవాళ్ళు. అట్లనే అంటే ఏమర్థం చేసుకోవాలె?

తర్వాత ఒక సిస్టర్ నన్ను పిలిచి చేతులు మోచేతుల దాకా కడగమంది, ఉంగరం, గడియారం తీయమంది, గౌను వేసింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమని, షర్ట్ గుండీలు తీయించి, బాబును డైపరు, టోపీతో నా ఛాతీమీద పెట్టి గుడ్డతో కట్టింది. తల ఒక పక్కకి తిప్పి, ముక్కు మూసుకుపోకుండా ఎట్ల చూడాలో చూపించింది. మెషీన్ మీద నంబర్లు నాకు చదవడం నేర్పింది. గుండె 150 అట్ల కొట్టుకునేది, కాసేపటికి నెమ్మదిగా 140కి వచ్చింది. ఆ రోజునుంచి నాకు భయం తగ్గింది. ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం కూడా నేనే నేర్చుకున్న. గిన్నె మూతి కింది పెదవి మీద ఆనించి, బాబు నాలుకతో అందుకునేదాకా ఆగాలె. మనం నోట్లో పోయొద్దు.

నాన్నలు కూడా చేయొచ్చని చాలామందికి తెలవదు. అందుకే రాస్తున్న.

పిల్లల డాక్టర్:
కరీంనగర్ నాన్న గారూ, మీరు చేసింది కంగారూ సంరక్షణ. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సిన పరిస్థితిలో డాక్టర్ ఎడ్గర్ రే మొదలుపెట్టారు. లేనివాళ్ళ ఉపాయం అనుకున్నది, అన్నీ ఉన్నచోట కూడా మేలైన వైద్యమని తర్వాత తేలింది.

నైట్‌డ్యూటీ:
డాక్టర్ గారూ, ఇన్ఫెక్షన్ సంగతి? మా ఎస్ఎన్‌సీయూలో తల్లుల్ని రానివ్వకపోవడానికి చెప్పే కారణం అదే.

పిల్లల డాక్టర్:
న్యాయమైన ప్రశ్న. 2021లో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో కూడా జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. కిలో నుంచి 1,800 గ్రాముల లోపు పుట్టిన పిల్లల్ని, ఇంకా పూర్తిగా స్థిమితపడకముందే తల్లి ఛాతీమీద పెట్టారు. తల్లి మంచం ఐసీయూలోనే వేశారు. మొదటి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. మీరడిగిన ఇన్ఫెక్షన్ పెరగలేదు సరికదా, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి రావడం) అనుమానించిన కేసులు తగ్గాయి. తల్లి ఒంటిమీది సూక్ష్మజీవులు బిడ్డకి కొత్తవి కావు, వార్డులో చేతులనుంచి చేతులకి పాకేవే ప్రమాదం. దాని తర్వాత 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నెలలు నిండని పిల్లలకి, బరువు తక్కువ పిల్లలకి రోజుకి 8 నుంచి 24 గంటల వరకు ఇలా చేయమని చెప్పింది.

మన దేశంలో 2017లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఎస్ఎన్‌సీయూల్లో కుటుంబాన్ని సంరక్షణలో భాగం చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. చేతులు కడగడం, పాలు పట్టడం, శుభ్రం చేయడం, ప్రమాద లక్షణాలు గుర్తించడం తల్లిదండ్రులకి నేర్పి లోపలికి రానివ్వాలి. కాగితం మీద ఉంది. యూనిట్‌లో నేర్పడానికి ఒక సిస్టర్‌కి టైము ఇస్తేనే జరుగుతుంది.

పాలమూరు ఆశా:
ఆసుపత్రిలో నేర్పకపోతే ఏమవుతదో ఇళ్ళల్లో చూసేది మేము. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి పోతాం. ఎస్ఎన్‌సీయూ నుంచి వచ్చిన బిడ్డ ఇంట్లో చూస్తే ఒక్కోచోట తల్లి భయపడి ఎత్తుకోదు. ఇన్నాళ్ళు మెషీన్లో ఉంది కదా, నా చేతిలో ఏమైతదో అంటది. అత్తమ్మ రోజూ వేడినీళ్ళ స్నానం పోసి, సాంబ్రాణి పొగ వేసి, నాలుకకి తేనె రాస్తది. రెండు కిలోలు లేని బిడ్డకి స్నానం వద్దు, తుడిస్తే చాలు, పొగ వద్దు, తేనె వద్దు అంటే "మా పిల్లలంతా అట్లనే పెరిగిన్రు" అంటరు.

అత్తమ్మని పక్కనబెట్టి కోడలికి చెప్తే పని కాదు. నేను తూకం తీసుకుపోయి అత్తమ్మ చేతనే తూకం వేయిస్త. "ఇరవై గ్రాములు పెరిగిండు" అని ఆమె నోటితోనే వస్తది. కంగారూ కట్టు కూడా ఆమెకే నేర్పిస్త, కోడలు తిని పడుకునే టైములో ఆమె పెట్టుకుంటది. తల్లికి అప్పుడే నిద్ర దొరుకుతది.

బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60 దాటి ఊపిరి తీసుకున్నా, పక్కటెముకలు లోపలికి పోతున్నా, ఒళ్ళు చల్లబడ్డా కాలినా, ఫిట్స్ వచ్చినా, కదిలిస్తే గాని కదలకపోయినా 108కి ఫోన్ చేయమని గోడమీద రాసి వస్త. డిశ్చార్జ్ రోజు సిస్టర్లు ఇది ఒక్కసారి అత్తమ్మకి కూడా చెప్తే మాకు సగం పని తగ్గుతది.

ట్యూటర్ మేడం:
నర్సింగ్ కాలేజీలో పిల్లల నర్సింగ్ చెబుతాను. గోదారమ్మాయి లాంటి విద్యార్థులే ప్రతి ఏడూ ఇదే ప్రశ్నతో ఫోన్ చేస్తారు.

వార్డు పద్ధతిని ఒక్కరోజులో మార్చాలని వెళ్ళకండి. ఒక్క తల్లితో మొదలుపెట్టండి. లోపలికి వెళ్ళే ముందు ఆమెకి మూడు మాటలు చెప్పండి. ఏం చేస్తున్నామో, ఎంతసేపు పడుతుందో, ఆమె ఏం చెయ్యాలో. "అమ్మా, ఎడమ చేతికి సన్నటి గొట్టం పెడతాం, సూది తీసేస్తాం, గొట్టమే ఉంటుంది. నువ్వు పాపని ఇలా పట్టుకుని దాని చెవిలో పాట పాడుతూ ఉండు, చేతివైపు చూడకు. తట్టుకోలేనంటే చెప్పు, అత్తమ్మ వస్తుంది." ఉండలేనన్న తల్లిని బలవంతపెట్టకండి. అలాంటి తల్లికి కూడా అయిపోగానే మొదట బిడ్డని ఆమె చేతిలోనే పెట్టండి.

రెండుసార్లు దొరక్కపోతే మూడోసారి మీరే ప్రయత్నించకండి, సీనియర్‌ని పిలవండి. ఈ నియమం ముందే తల్లికి చెబితే ఆమెకి మీమీద నమ్మకం కుదురుతుంది.

పిల్లల వయసుని బట్టి మాట మారుతుంది. రెండేళ్ళ బిడ్డకి ముందురోజే చెబితే రాత్రంతా భయమే, అప్పటికప్పుడు చెప్పాలి. ఆరేడేళ్ళ పిల్లలకి ముందే చెప్పాలి, బొమ్మ గీసి చూపించాలి. నాలుగైదేళ్ళవాళ్ళు జబ్బు తాము చేసిన అల్లరికి శిక్ష అనుకుంటారు. ఇది ఉత్త మాట కాదు, వార్డులో అడిగి చూడండి, "నేను అన్నయ్యని కొట్టాను కదా, అందుకే" అంటారు. దానికి తోడు ఇళ్ళల్లో మనం "అల్లరి చేస్తే డాక్టరమ్మ సూది వేస్తుంది" అని బెదిరిస్తాం. తల్లిదండ్రులందరికీ నా విన్నపం, ఆ ఒక్క బెదిరింపు మానేయండి. అన్నం తినకపోతే బూచోడు వస్తాడనుకోనివ్వండి గాని, మమ్మల్ని బూచోళ్ళని చేయకండి. ఆ బిడ్డ రేపు మా చేతుల్లోకే వస్తుంది.

బుజ్జి వాళ్ళమ్మ:
మేడం, చిన్నది రోగంతో ఉంటే పెద్దవాడి సంగతి కూడా ఎవరైనా మాట్లాడాలి. మా బాబుకి పన్నెండేళ్ళు. చెల్లికి రక్తం ఎక్కించే రోజు వాడు పక్కింట్లో తింటాడు. ఒకరోజు "నాకు కూడా ఏదైనా జబ్బు వస్తే బాగుండు" అన్నాడు. ఆ సెంటరు సిస్టర్‌కి చెబితే తర్వాతిసారి వాణ్ణి కూడా తీసుకురమ్మంది. రక్తం సంచీ, చుక్కలు అన్నీ చూపించింది, టైము రాసే పని వాడికిచ్చింది. వాడిలో మార్పు వచ్చింది. మందుల చీటీలో ఇది ఎక్కడా ఉండదు కదా.

నైట్‌డ్యూటీ:
అందరి మాటలూ చదివాను. నా అభిప్రాయం చెబుతాను. షాక్‌లో, ఫిట్స్‌లో, ఊపిరి అందని స్థితిలో వచ్చిన బిడ్డ దగ్గర మాకు చోటు కావాలి. అప్పుడు తల్లి గోడవారగా నిలబడాలి, ఏం జరుగుతోందో ఒకరు ఆమెకి చెబుతూ ఉండాలి. అక్కడ నేను పట్టు సడలించను. మిగతా సూదులకి ఒక్కరు లోపలికి రావచ్చు. ఒక్కరే. ఫోన్ బయట. కుర్చీలో కూర్చోవాలి. ఈ మూడూ ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు. మా హెడ్ నర్సుతో మాట్లాడతాను.

ఒంటరి నాన్న:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఇక్కడ అందరూ తల్లి గురించే మాట్లాడుతున్నారు. నా భార్య పోయింది. నాలుగేళ్ళ బాబుకి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బు, ఒళ్ళంతా నీరు పట్టి అడ్మిట్ చేశాం. రాత్రి తొమ్మిది కాగానే "మగవాళ్ళు వార్డులో ఉండకూడదు" అని పంపేశారు. బాబు ఆ రాత్రంతా నిద్రపోలేదని పక్క మంచం ఆవిడ చెప్పింది. పాలిచ్చే తల్లులుంటారు, వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ నేనెవరిని తీసుకురావాలి? సోమవారం మళ్ళీ అడ్మిషన్ ఉంది.

నైట్‌డ్యూటీ:
అన్నా, ఆ రూలు తల్లుల కోసం పెట్టిందే, కానీ మీలాంటివాళ్ళకి దారి ఉంది. అడ్మిషన్ రోజు పగలే ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారికి కాగితం మీద రాసివ్వండి, బిడ్డకి తల్లి లేదని, రాత్రి ఉండే ఆడవాళ్ళు ఎవరూ లేరని. సంతకం చేయించుకుని ఆ కాపీ కేస్ షీట్‌కి పెట్టించండి. రాత్రి డ్యూటీ మారినప్పుడు కొత్త సిస్టర్‌కి మీరే చూపించండి, లేకపోతే మళ్ళీ బయటికి పంపుతారు. నర్సుల బల్లకి దగ్గరగా, తలుపు పక్కన మంచం అడగండి. మా దగ్గర అలా ఇచ్చి మధ్యలో తెర వేస్తాం, పాలిచ్చే తల్లులకి అటుపక్క మంచాలు ఇస్తాం.

ఇంకో విషయం, ఈ జబ్బులో ఇంట్లో చూసుకోవలసింది చాలా ఉంటుంది, అది మీకే నేర్పమని అడగండి. పొద్దున మొదటి మూత్రంలో పరీక్ష స్ట్రిప్ ముంచి, ప్రొటీన్ ఎంత పోతోందో రంగుని బట్టి చూడడం, రోజూ బరువు రాయడం. వరుసగా మూడు రోజులు 3 ప్లస్ వస్తే వాపు కనిపించకపోయినా ఆసుపత్రికి రావాలి. స్టెరాయిడ్ మాత్ర ముఖం ఉబ్బిందని మీ అంతట మీరు ఆపకూడదు. టీకాలు వేయించే ముందు డాక్టర్‌ని అడగాలి. ఒక నోటుబుక్ కొని తేదీ, బరువు, మూత్రం ఫలితం, మాత్ర అని నాలుగు గళ్ళు గీసుకుని సోమవారం తీసుకెళ్ళండి. మొదటి స్ట్రిప్ సిస్టర్ చూస్తుండగా మీరే చెయ్యండి.